చిన్న రసం, పెద్ద రసం

నయాపైసలు వచ్చిన కొత్తలో నేను ఆరో తరగతి మధ్యలో బడి మానేశాను. తెలుగు మాస్టారు "రసాలు ఎన్నే?" అని అడిగారు. "రెండండీ. చిన్న రసం, పెద్ద రసం" అన్నాను. మా నూజివీడులో రసమంటే మామిడిపండే కదా! మాస్టారు పొట్ట పట్టుకుని నవ్వారు. ఆయన నవ్వారని పిల్లలంతా నవ్వారు. మర్నాటి నుంచి అమ్మతో పాటు తోట పనికి వెళ్లాను.

పెళ్లయ్యాక ఒక మామిళ్ల షావుకారుగారింట్లో పనికి కుదిరాను. గదినిండా వరిగడ్డిలో కాయలు మాగవేసేవారు. పండినవి ఏరడం నా పని. మధ్యాహ్నం పూట షావుకారుగారి భార్య గుమ్మంలో పీట వేసుకుని పాత కావ్యం చదివి, అర్థం చెప్పేవారు. బళ్లో బెత్తం దెబ్బలకు భయపడి అప్పజెప్పిన పద్యం ఒకటి అందులో వచ్చింది. ఒకామె భర్తకు కబురు పంపి వాకిట్లో ఎదురుచూస్తోందట. ఆ సంగతి బళ్లో నాకెవరూ చెప్పలేదు.

"ఏంటే, కళ్లు తుడుచుకుంటున్నావ్? గడ్డి నలక పడిందా?"

"లేదండీ అమ్మగారూ. ఆ కబురు తీసుకెళ్లినవాడు తిరిగొస్తాడంటారా?"

"ఇప్పుడే చెప్పేస్తే రేపు కాయలేం ఏరతావ్!"

ఆ చనువుతోనే, మా ఆయనకు కూడా చెప్పని నా బడి ముచ్చట ఆవిడకు చెప్పాను. ఆవిడ నవ్వలేదు. నా పక్కన గడ్డిలో కూర్చుని తొమ్మిది రసాల పేర్లూ నేర్పారు.

ఒకరోజు ఏలూరు నుంచి వాళ్ల చుట్టాలొచ్చారు. నేను పళ్లు కోసి పళ్లెంలో పట్టుకెళ్లాను.

"ఇదిగో, మా పండితురాలు వచ్చింది! రసాలెన్నో చెప్పవే వీళ్లకి."

"తొమ్మిదండీ" అన్నాను సంబరంగా.

"అది కాదే! బళ్లో చెప్పావు చూడు, అది చెప్పు."

పళ్లెం చేతిలోనే ఉంది. "రెండండీ" అన్నాను. అందరికంటే ముందు నవ్వింది ఆవిడే.

మర్నాడు మామూలుగానే పుస్తకం తెరిచి, "ఎక్కడ ఆపామే?" అన్నారు.

"గుర్తు లేదండీ" అన్నాను. ఏ పద్యం దగ్గర ఆపారో, ఆ పేజీ మీద ఏ వేలు పెట్టారో కూడా నాకు గుర్తుంది. ఆ రోజు నుంచి పెరట్లో బుట్టలు కట్టే పని అడిగి తీసుకున్నాను.

కొన్నాళ్లకు ఆ కావ్యమే లైబ్రరీలో దొరికితే కూడబలుక్కుని చదివాను. కబురు తీసుకెళ్లినవాడు తిరిగొచ్చాడు. పుస్తకం మూయగానే, ఎవరితోనైనా చెబుదామని లేచాను. నాకు గుర్తొచ్చింది ఆవిడే. మళ్లీ కూర్చున్నాను.