చెవి వెనకాల రవ్వంత

మదనపల్లెలో కుప్పం బస్సెక్కాక, రెండేళ్ల పాపను ఒళ్లో పెట్టుకుని సన్‌స్క్రీన్ ట్యూబు మూత తీస్తూ, మళ్లీ పెడుతూ కూర్చున్నాను. కిటికీలోంచి ఎండ నేరుగా పాప మొహం మీద పడుతోంది.

పక్కసీటులో ఉన్న పెద్దావిడ చాలాసేపు చూసి అడిగింది. "ఏందమ్మా అది?"

"ఎండకు పూసే క్రీము. పోయినసారి వాడినదానికి బుగ్గలంతా దద్దుర్లు లేచాయి. ఇది జింకుది, సున్నితమైన చర్మానికి మంచిదని రాశారు. అయినా భయంగా ఉంది."

"అడిగేదానికి ఇంట్లో పెద్దోళ్లు ఎవురూ లేరా?"

"ఆయన ఉద్యోగం బెంగళూరులో. ఇంట్లో నేనూ పాపే."

ఆవిడ ట్యూబు అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "మేము గొర్రెకి కొత్త మందు పూయాలన్నా, ముందు చెవెనకాల రవ్వంత పెట్టి ఒక దినం సూస్తాము. బిడ్డకి యాల తొందర?" అని, వెంటనే నవ్వింది. "గొర్రెతో పోల్చినానని కోపం సేసుకోవద్దు తల్లీ."

"మరి ఇప్పుడు ఈ ఎండ?"

"నేను ఉండాను గదా!" అంటూ తన కొంగును కిటికీకి అడ్డంగా పట్టుకుంది. పుంగనూరులో దిగేదాకా చెయ్యి దించలేదు.

ఆ సాయంత్రమే పాప చెవి వెనక కొంచెం పూశాను. మర్నాడంతా చూసినా ఎరుపెక్కలేదు. ఆ తర్వాత బుగ్గలకు రాస్తే, పాప సున్నం కొట్టిన గోడలా తెల్లబడి అద్దంలో తనను చూసుకుని నవ్వింది.

ఎవరికైనా చెప్పాలనిపించింది. ఫోను తీశాను గానీ, చెప్పాలనుకున్నది ఆవిడకే. పేరైనా అడగలేదు.