పురుగులింటి వరది

మొన్న చింతామణిలో మా వీధి జెరాక్సు అంగడి ముందు నిలబడి ఉంటే, ఒకావిడ వచ్చి, తన పిల్లకు పట్టుపురుగుల మీద ప్రాజెక్టు కావాలని అడిగింది. నేను టీ తాగేలోపే కంప్యూటరులోంచి రంగుల బొమ్మలతో నాలుగు పుటలు బయటికి వచ్చాయి, పిల్ల వాటిని చదవకుండానే సంచిలో పెట్టుకుంది. నాకు తిక్క రేగింది. పదవీ విరమణ అయినా మేష్టరు బుద్ధి పోదు కదా, ఇంటికి వచ్చి పాత ట్రంకుపెట్టె దించి, అందులో దాచుకున్న ఒకే ఒక్క పుట బయటికి తీశాను.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళ మాట. దిబ్బూరహళ్ళి దగ్గర, ఇళ్ళల్లో తెలుగు మాట్లాడే మా ఊరి కన్నడ బడిలో నేను మేష్టరుని, మా తమ్ముడి కూతురు నా దగ్గరే ఆరో తరగతి. ఎవరింటి పని మీద వాళ్ళు ఒక పుట వరది, అంటే చిన్న నివేదిక, రాసుకొచ్చి తరగతిలో చదవాలన్నాను. మా ఇంట్లో ఒక గదిలో పట్టుపురుగులు పెంచేవారు, దాన్నే పురుగులిల్లు అనేవాళ్ళం. పాప అంగట్లో కొన్న బొమ్మల చార్టు చూసి రాసుకొస్తే ఆ పుట చింపేశాను, ఏడ్చినా కరగలేదు. కళ్ళారా చూడు, తెలిసినవాళ్ళను అడుగు, ఎవరు చెప్పారో రాయి, వాళ్ళకెట్లా తెలుసో కూడా రాయి అని నేర్పాను. అంతటితో ఊరుకోక, పురుగు ఒక్క పూట కూడా మానకుండా ఆకు తింటూనే ఉంటుంది, రాసుకో అని నా వంతు సమాచారం కూడా ఇచ్చాను.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. పొగాకు వాసన పట్టుపురుగుకు విషం. నేనేమో బడి పిల్లల కంట పడకుండా ఊరి బయటికి పోయి సిగరెట్టు తాగే రకం, కాబట్టి మా అమ్మ నన్ను పురుగులింటి గడప తొక్కనిచ్చేది కాదు. మేష్టరైనా కొడుకైనా ఆమెకు ఒకటే. పాప మాత్రం కాళ్ళు కడుక్కొని లోపలికి పోయి, వారం రోజులు అవ్వ పక్కన కూర్చొని, తెలుగులో అడిగి, బడి కోసం కన్నడంలో రాసుకుంది.

చదవాల్సిన రోజు పొద్దున ఇంట్లోనే పుట నా చేతికిచ్చింది. పురుగు చర్మం మార్చుకునే ముందు ఒక రోజంతా తల ఎత్తుకొని కదలదనీ, ఆకు ముట్టదనీ, అది తాను చూసిందనీ రాసింది. ఎప్పుడూ తింటుందని పెద్దనాయన చెప్పాడు, కానీ సిగరెట్టు తాగుతాడని అవ్వ ఆయన్ను లోపలికి రానీయదు, అందుకని ఆయన మాట తీసుకోలేదు అని కూడా రాసింది.

పొగాకు చెడ్డదని ఆ తరగతికి పాఠం చెప్పినవాణ్ణి నేనే. పిల్లలందరి ముందూ నా పరువు ఇప్పుడు ఆ రెండు వరుసల్లో ఉంది.

“పెద్దనాయనా, ఆ మాట కొట్టేయల్లా?” అని పాప పెన్ను తీసింది.

మా అమ్మ గడప దగ్గర నిలబడి, “నేర్పించినోడివి నువ్వే కదప్పా, నువ్వే చెప్పు” అంది.

ఉంచమన్నాను. పాప ఒక్క మాటా వదలకుండా చదివింది, తరగతంతా గొల్లున నవ్వింది, నాకు సిగ్గూ గర్వమూ ఒక్కసారే వచ్చాయి. ఆ రోజే సిగరెట్టు మానేశాను. తర్వాతి విడత పురుగులు పెంచేటప్పుడు మా అమ్మ నన్ను లోపలికి పిలిచింది. చూస్తే పురుగులన్నీ తలలెత్తుకొని, ఆకు ముట్టకుండా ఉన్నాయి.

ఇప్పుడు మా అమ్మ లేదు, ఆ ఇంట్లో పురుగులూ లేవు. జెరాక్సు అంగట్లో వచ్చిన ఆ నాలుగు పుటల్లో తప్పు ఒక్కటీ ఉండకపోవచ్చు, నేను చెప్పినదానికంటే సరిగ్గానే ఉంటాయి. కానీ నువ్వు లోపలికి పోయి చూసినావా అని ఆ పిల్ల ఎవరినీ అడగలేదు, ఆ పుటలు చదివి సిగరెట్టు మానేయాల్సిన పెద్దనాయన కూడా వాటిలో లేడు, అదే నా దిగులు.