చివర ఎవరండీ?

“నాకు తెలిసిన ఆసుపత్రి ఆయమ్మ వారంలో పసిబిడ్డని తెచ్చిస్తానంటుంటే, ఏళ్ళ తరబడి వరసలో ఉండడమేంటి వదినగారూ?”

“రేపెవరో వచ్చి ఆ బిడ్డ మాదంటే ఏ కాగితం చూపిస్తామండీ? దత్తతకి పేరు రాయించుకుని ఆగుదాం.”

ఆగుదామన్నావిడ మా కోడలి తల్లి. ఎక్కడ వరస కనబడినా “చివర ఎవరండీ?” అని అడిగి వాళ్ళ వెనకే నిలబడేది. పట్టిసీమ రేవులో నేను సంచీ ముందు పెట్టి చోటు పట్టుకుంటే, ఆవిడ ఎండలో చివరనే నిలబడింది. తీరా ఇద్దరం ఒకే పడవ ఎక్కాం.

పిల్లలు లేని నా కొడుక్కి నా చేతుల మీదుగా బిడ్డని ఇవ్వాలని నా పంతం. వాడేమో, “అత్తయ్యగారు చెప్పిందే సరైన దారమ్మా” అన్నాడు. వాణ్ణి మోసిన నా కడుపు భగ్గుమంది.

ఆవిడ పోయి ఏడాదైంది. అలా ఆగి తెచ్చుకున్న మనవరాలు నా ఒళ్ళోనే పెరిగింది. అయినా బడిలో కుళాయి దగ్గర “చివర ఎవరు?” అని అడుగుతుందట. నా పోలిక ఒక్కటీ రాలేదు.

ఆ గొడవైన మర్నాడు పొద్దున్నే కొడుకూ, కోడలూ, ఆవిడా ముగ్గురూ పేరు రాయించడానికి రాజమండ్రి ఆఫీసుకు వెళ్ళారు. నేను పులిహోర ఇద్దరికే కట్టాను.