అక్క పెళ్ళి ఆపిన పిల్లలు

మా బాపు లారీ డ్రైవరు. సీజన్లో బోధన్ ఫ్యాక్టరీకి చెరకు తోలేవాడు, మిగతా రోజుల్లో నాందేడ్ వైపు సరుకు వేసుకుని పోయేవాడు. ఆయన చనిపోయినప్పుడు టీబీ అన్నారు. ఏడాది తిరగకముందే మమ్మల్ని కన్న అవ్వకూ అదే దగ్గు, అదే జ్వరం. నిజామాబాద్ పెద్దాసుపత్రిలో రక్తపరీక్ష చేశాక అసలు జబ్బు పేరు బయటపడింది. ఆ పేరు మాకంటే ముందే మా ఊరు చేరింది. అప్పుడు నేను నాలుగో తరగతి, అక్క ఎనిమిది.

పక్కింటి పెద్దమ్మ ఒకరోజు గడప బయటే నిలబడి అక్కతో అంది.

“మీ అవ్వను బోరింగుకాడికి రావద్దను బిడ్డా. మా పొల్లగాండ్లు గవే నీళ్ళు తాగుతరు.”

అప్పటినుంచి అక్కే బిందె పట్టుకుని వెళ్ళేది. అందరూ పట్టుకున్నాకే తన వంతు. తర్వాత వచ్చినవాళ్ళు తను ముట్టిన బోరింగు పిడిని కడిగి మరీ కొట్టుకునేవాళ్ళు. బడికి రోజూ ఆలస్యమవుతూ, చివరికి బడే మానేసింది.

ఆ రోజుల్లోనే నిజామాబాద్ నుంచి ఒక మేడం మా ఊరికి వచ్చేది. ఏదో సంస్థ తరఫున పిల్లల సంఘాలు పెట్టేది. ఆదివారం ఆరాధన అయ్యాక మా చర్చి అరుగుమీద పిల్లల్ని కూర్చోబెట్టి, ఈ జబ్బు ఎట్లా వస్తుందో, ఎట్లా రాదో చెప్పేది. బడి మానేసిన వాళ్ళెవరో, చిన్నప్పుడే పెళ్ళి చేస్తున్నదెవరికో చూసి చెప్పమనేది. పెద్దవాళ్ళు వినరు, అందుకే మీకు చెబుతున్నా అనేది. పెద్దలే వినని మాటను మోసుకుని పిల్లలు ఎంతదూరం పోగలరని అప్పుడు ఎవరమూ అనుకోలేదు.

ఆ సంఘం పిల్లలు ఒకరోజు మా ఇంటికి వచ్చారు. వాళ్ళకు పెద్ద, క్యాంపులో ఉండే ఒక అమ్మాయి. ఆంధ్ర నుంచి వచ్చి కాలువ కింద పొలాలు కొనుక్కుని క్యాంపు కట్టుకున్న వాళ్ళ బిడ్డ. అక్కకు తరగతిలో జోడీ. తిన్నగా లోపలికి వచ్చి అవ్వ మంచం పట్టెమీద కూర్చుంది.

“మీరు లేవకండి పిన్నీ. నీళ్ళు మేం తెస్తాం.”

“ఎవ్వలి బిడ్డవే నువ్వు? మీ ఇంట్ల తిడ్తరు పో,” అంది అవ్వ.

“తిడితే తిట్టనీయండి.”

బోరింగు దగ్గర ఆడవాళ్ళంతా చూస్తుండగా ఆ పిల్లలు మా బిందె నింపారు. క్యాంపు అమ్మాయి ఆ బిందెలోంచే గ్లాసు ముంచుకుని తాగింది. మిగతావాళ్ళూ తాగారు. ఆ తర్వాత పిడి కడగడం ఆగింది. అక్క మళ్ళీ బడికి పోయింది, సంఘంలో చేరింది. చర్చి ముందు వేసిన నాటకంలో, “పెండ్లికి ముందు పిల్లగానికి రక్తపరీక్ష చేయించమని అడుగుండ్రి. అడుగుడు సిగ్గు గాదు,” అని గట్టిగా చెప్పింది. అవ్వ గోడకు ఆనుకుని విన్నది. మా ఇంట్లో మంచి రోజులంటే అవే.

వానలు పడే ముందు అవ్వ పోయింది. ఆ జబ్బుకు మందు ఉందని విన్నామే గాని, అది మా దాకా రాలేదు.

మేము బాపు తమ్ముడి ఇంటికి, కాక దగ్గరికి వెళ్ళాం. కాక చెడ్డవాడు కాదు. మాకు ముందు వడ్డించమని చిన్నమ్మకు చెప్పేవాడు. కానీ ఆయనకూ ఇద్దరు ఆడపిల్లలు. మేము ఉన్న ఇంటికి సంబంధాలు రావని ఎవరో ఒకరు రోజూ ఆయన చెవిలో వేసేవాళ్ళు. దసరా దాటాక మహారాష్ట్రలో బిలోలి అవతలి నుంచి ఒక మనిషి వచ్చాడు. పెళ్ళాం చనిపోయినవాడు, చెరకు కొట్టే కూలి. ఆ పనికి ఆలుమగలు జంటగా ఉంటేనే మేస్త్రీ పిలుస్తాడు. సీజను ముంచుకొస్తోంది, అతనికి జోడీ కావాలి.

“నాకు గిప్పుడు పెండ్లొద్దు కాకా. సదువుకుంట,” అంది అక్క.

“ఈ ఇంటి పిల్లను అడిగొచ్చినోడున్నడంటెనే నసీబు,” అన్నాడు కాక, ఆమె మొహం చూడకుండా.

నేను పరుగున వెళ్ళి క్యాంపు అమ్మాయికి చెప్పాను. మర్నాడు పిల్లలంతా మా వాకిట్లో కూర్చున్నారు, బడికి కూడా పోలేదు. సాయంత్రానికి మేడం వచ్చింది, సర్పంచును వెంటబెట్టుకుని.

“పద్దెనిమిది నిండకుండ పెండ్లి చేస్తే జైలే. తెల్వదా మీకు?”

“తప్పైంది మేడం. మీరు చెప్పినంక చేస్తనా?” అని కాక చేతులు జోడించాడు.

పిల్లలు చప్పట్లు కొట్టారు. క్యాంపు అమ్మాయి అక్కను వాటేసుకుని ఏడ్చింది. మేడం అందర్నీ మెచ్చుకుని చివరి బస్సుకు వెళ్ళిపోయింది.

తర్వాతి వారం, క్రిస్మస్‌కు బట్టలు కొనిస్తానని కాక అక్కను బిలోలి బస్సు ఎక్కించాడు. నేనూ వస్తానంటే నాకు జ్వరంగా ఉందని వద్దన్నాడు. నాకు జ్వరం లేదు. చీకటి పడ్డాక ఒక్కడే తిరిగొచ్చాడు. అన్నం తినకుండా పడుకున్నాడు.

అక్కను ఆ మనిషికే ఇచ్చి వచ్చాడని ఆదివారం సంఘం పిల్లలకు చెప్పాను. క్యాంపు అమ్మాయి వాళ్ళ నాన్నను పోలీసుల దగ్గరకు రమ్మని బతిమాలిందట. “వాళ్ళ ఇంటి గొడవ మనకెందుకమ్మా?” అన్నాడట ఆయన. మరుసటి ఆదివారం నుంచి ఆమెను రానివ్వలేదు. మిగతా ఇళ్ళలోనూ అంతే. మేడం వచ్చి నన్ను దగ్గరకు తీసుకుంది. మహారాష్ట్ర కదా, కష్టం అంది. కొన్నాళ్ళకు వాళ్ళ ప్రాజెక్టు అయిపోయింది, ఆమె రావడం మానేసింది. పాస్టరు నన్ను నిజామాబాద్‌లో హాస్టల్లో చేర్పించాడు.

నేను పదో తరగతిలో ఉండగా అక్క పెద్దాసుపత్రిలో ఉందని కబురు వచ్చింది. అప్పటికి ఆ జబ్బుకు మాత్రలు ఉచితంగా ఇస్తున్నారు, కానీ ఆమెను తీసుకొచ్చిందే ఆలస్యంగా. భర్త అప్పటికే పోయాడు. నేను ఆమెను గుర్తుపట్టలేదు. అవ్వే పడుకుని ఉందనుకున్నాను.

“ఆయనకు ముందుగాల్నే ఉండె,” అంది అక్క. “నాకు ఎర్కైనా ఎవలకు చెప్పుదు?”

ఆమె పక్కన రెండేళ్ళ పిల్లవాడు. మరాఠీలో తప్ప మాట్లాడడు. నేను ఎత్తుకోబోతే ఏడ్చాడు.

అక్కను బోధన్ సమాధుల తోటలో పెట్టాం. మట్టి ఆరకముందే పిల్లవాణ్ణి నాయనమ్మ తీసుకెళ్ళింది. నేను హాస్టలు పిల్లను, నా మాట అడిగినవాళ్ళు లేరు. ఉద్యోగం వచ్చాక బిలోలి అవతల ఆ ఊరికి వెతుక్కుంటూ వెళ్ళాను. ఇంటికి తాళం. ముసలామె చనిపోయిందని, పిల్లవాణ్ణి చెరకు కొట్టే గుంపు ఏదో వెంట తీసుకుపోయిందని చెప్పారు. ఏ ఊరికో ఎవరికీ తెలియదు. ఆ బిడ్డ రక్తం ఎవరైనా పరీక్షించారా అని అడిగాను. నేనేం అడుగుతున్నానో వాళ్ళకు అర్థం కాలేదు. బస్సు వచ్చేదాకా ఆ తాళం వేసిన ఇంటి ముందే కూర్చున్నాను.