శౌరయ్యగారి మొదటి పెళ్ళాం

రత్తయ్యకు బస్సులో సీటు దొరికితే చాలు, ఎదుటివాళ్ళ మొహాలు బాగుచేయడం మొదలుపెడతాడు. చేత్తో కాదు, చూపుతో. కండక్టరు గడ్డం కింద నీడ కాస్త తగ్గిస్తాడు. పూలబుట్ట ఒళ్ళో పెట్టుకున్న ఆవిడ నుదుటి గీతల్లో రెండు తీసేసి ఒకటి ఉంచుతాడు. సింగ్‌నగర్‌లో ఎక్కి గవర్నర్‌పేటలో దిగేలోపు బస్సంతా పెళ్ళి ఫోటోకు సిద్ధమైపోతుంది. ఒకసారి ఒకావిడ, "ఏందయ్యా ఆ చూపు, ఈ వయసులో" అని నిలదీసింది. పక్కనున్న మనవరాలు సింధూరి, "తప్పుగా అనుకోకండి పిన్నిగారూ, మా తాత మీ మొటిమలు తీస్తున్నాడంతే" అని సర్దిచెప్పింది. ఆ సర్దుబాటు వల్ల గొడవ ఇంకో రెండు స్టాపులు సాగింది.

రత్తయ్య వయసు డెబ్బై మూడు. ఆధార్ కార్డు డెబ్బై అంటుంది. ఆయన కార్డు మాటే నమ్ముతాడు. పదిహేనో ఏట గవర్నర్‌పేటలో జక్కయ్యగారి స్టూడియోలో చేరి, ఫోటోలకు మెరుగుపెట్టే పని నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో మెరుగంటే నెగెటివ్ మీద పని. మొహం మీద గుంట ఉంటే నెగెటివ్‌లో అది తెల్లని చుక్కగా కనిపిస్తుంది. దానిమీద మందు పూసి, సూదిలా చెక్కిన పెన్సిలుతో ఆ చుక్కను నింపాలి. అచ్చు వేశాక గుంట మాయం. పెళ్ళికూతురి బుగ్గ వెన్నముద్ద.

జక్కయ్యగారిది ఒకటే సూత్రం. "మొహాన్ని కడగరా, తోమొద్దు" అనేవాడు. ఎన్ని మచ్చలు తీసినా ఒక్కటి ఉంచమనేవాడు. బతికుండగా ఒక్క ఫోటో కూడా దిగని ముసలివాళ్ళు పోతే, పల్లెల నుంచి కబురొచ్చేది. జక్కయ్యగారు వెళ్ళి, గోడకు ఆనించి కూర్చోబెట్టిన ఆ మనిషిని ఫోటో తీసుకొచ్చి, మూసిన కళ్ళ మీద తెరిచిన కళ్ళు గీసేవాడు. ఆ చూపు ఎప్పుడూ కొంచెం పక్కకే ఉండేది. ఎందుకని రత్తయ్య అడిగితే, "నేరుగా చూసే కళ్ళు పెట్టావనుకో, ఇంట్లోవాళ్ళు వాటిల్లో మనిషి కోసం వెతుకుతారు. వెతికాక లేడని తెలుసుద్ది. భయం వేసేది అప్పుడేరా" అన్నాడు.

రత్తయ్య తల ఊపాడు. అర్థమై కాదు, మధ్యాహ్నం భోజనం వేళయిందని.

కంప్యూటర్లు వచ్చాక ఆ పని పోయింది. ఇంటర్ రెండో ఏట లెక్కల పేపరు దగ్గర చదువు దిగిపోయిన సింధూరి, ఇప్పుడు ఆ స్టూడియో ఉన్న వీధిలోనే జిరాక్సు, పాస్‌పోర్టు ఫోటోల కొట్టు నడుపుతోంది. అందులో గుమ్మం పక్క కుర్చీ రత్తయ్యది. మనవరాలు ఒక్క మీట నొక్కి మొహాలు నున్నగా చేస్తుంటే, "ఇస్త్రీపెట్టె తెచ్చారమ్మా" అని ఆయన గొణుగుతాడు. "నువ్వు ఒక బుగ్గకి రెండు రోజులు తీసుకునేవాడివి తాతా, ఆలోపు పెళ్ళికొడుకు మనసు మార్చుకునేవాడేమో" అని ఆమె అంటుంది. రోజులు అలా బాగానే గడిచిపోతున్నాయి.

ఒక బుధవారం పదకొండింటికి, హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చే బస్సు దిగి ఒక పెద్దాయన కొట్లోకి వచ్చాడు. చంకలో తువ్వాలు చుట్టిన ఫోటో ఫ్రేము ఉంది.

"రత్తయ్యగారంటే మీరేగాండి? నా పేరు శౌరయ్య. కాలవ మీద లస్కరుగా చేసేవాణ్ణి, లాకుల దగ్గర గేట్లు ఎత్తే పని. నా పెళ్ళి ఫోటోకి మెరుగు పెట్టింది మీరేనని వెనక రాసుంది."

తువ్వాలు విప్పగానే రత్తయ్య మొహం వెలిగిపోయింది. కుర్చీలో పెళ్ళికూతురు, పక్కన చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డ పెళ్ళికొడుకు. డెబ్బై ఆరులో తీసింది. దీని రెండో ప్రతి స్టూడియో అద్దాల బీరువాలో పదకొండేళ్ళు నిలబడింది. ఆ వారం జక్కయ్యగారు గుడివాడ పెళ్ళికి వెళ్ళి ఉంటే, రత్తయ్య ఒక్కడే పూర్తిచేసిన మొదటి పని.

"చూడవే సింధూరీ, ఆ బుగ్గ చూడు. ఎక్కడన్నా పెన్సిలు జాడ కనపడుద్దా? జక్కయ్యగారు ఊర్నించొచ్చి దీన్ని చూసి ఏమన్నాడో తెలుసా? 'బాగుందిరా. ఎవర్రా ఈమె?' అన్నాడు."

ఈ మాట సింధూరి పుట్టినప్పటి నుంచి వింటోంది. నెలకు రెండుసార్లు, పండగలకు అదనం.

"ఆ బుగ్గతోనేనండీ తంటా" అన్నాడు శౌరయ్య నెమ్మదిగా.

ఆయన భార్య మార్త పోయి ఏడాది కావస్తోంది. పది రోజుల్లో జ్ఞాపకార్థ కూడిక. మనవడు యేసుకుమార్ కంప్యూటర్ల పనిలో ఉన్నాడు. నాయనమ్మంటే ప్రాణం. ఆమె ఫోటో ఒకటి తీసుకుని, వయసు పెంచి, అది మాట్లాడేలా తయారుచేశాడు. కూడికలో తెర మీద వేస్తానంటున్నాడు. శౌరయ్య ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.

తెర మీద అరవై దాటిన ఆడమనిషి మొహం. తెల్లచీర, నెరిసిన జుట్టు. "శౌరయ్యగారూ, నేను ప్రభువు సన్నిధిలో క్షేమంగా ఉన్నాను. మీరు వేళకు మందులు వేసుకోండి" అంది. గొంతు వార్తలు చదివేవాళ్ళ గొంతులా ఉంది. పెదాలు సరిగ్గానే కదులుతున్నాయి. కళ్ళు మాత్రం ఎదుటి మనిషిని వదలడం లేదు. గడియారం కొట్టినట్టు లెక్కగా రెప్పలు పడుతున్నాయి. నవ్వితే బుగ్గ పైకి లేచింది గానీ, ఆ నవ్వు కళ్ళదాకా వెళ్ళలేదు. నోటికి ఎవరో చెప్పినట్టు, కళ్ళకు చెప్పడం మరిచిపోయినట్టు ఉంది.

సింధూరి మోచేతులు రుద్దుకుంది. "దయ్యం సినిమాలే నయం తాతా. అందులో దయ్యమని ముందే చెప్తారు" అంది.

"మొదటిసారి చూసి లేచి బయటికెళ్ళిపోయానమ్మా" అన్నాడు శౌరయ్య. "పిల్లాడు చిన్నబుచ్చుకుంటాడని మళ్ళా కూచుని చూశా. అప్పట్నించీ కళ్ళు మూసుకుంటే ఇదే వస్తంది. నా మనిషి రావట్లా."

ఫోన్‌ను బల్ల మీద బోర్లించాడు. మళ్ళీ అందుకున్నాడు.

"నలభై ఎనిమిదేళ్ళు కాపరం చేసింది. ఒక్కనాడూ నన్ను పేరు పెట్టి పిలవలా. 'ఇదుగో' అనేది, అంతే. మాట్లాడతా నా మొహంలోకి చూసిందీ లేదు. చేతిలో చేట ఉంటే చేట కేసి, చేప ఉంటే చేప కేసి. తనకి చిన్నప్పుడు మశూచి వచ్చిందండీ. మొహాన మచ్చలు. అందులో మూడు దగ్గర దగ్గరగా, పొయ్యిరాళ్ళ మాదిరి ఉండేయి. అయ్యి ఏ చెంపనో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేకపోతన్నా. రోజూ చూసిన మొహం."

"వేరే ఫోటోలు లేవా తాతగారూ?" అంది సింధూరి.

"కెమెరా చూస్తే చాలు, చెంగు అడ్డం పెట్టేది. ఆధార్ కార్డు ఉందనుకో."

సింధూరి కార్డు తీసుకుని వెలుతురులో తిప్పి చూసింది. అందులో మార్త ఉండొచ్చు, శౌరయ్యే ఉండొచ్చు. తిరిగి ఇచ్చేసింది.

"ఈ ఫోటో అంటే మార్తకి నవ్వండీ" అన్నాడు శౌరయ్య, ఫ్రేము అంచు తువ్వాలుతో తుడుస్తూ. "ఎవరో దొరసాని అనేది. 'ఇదుగో, నీ మొదటి పెళ్ళానికి దుమ్ము పట్టింది, తుడువు' అనేది. పిల్లాడు ఈ మొహమే తీసుకుని ముసలిదాన్ని చేశాడు. వాడిదేం తప్పు? ఇంట్లో ఉందే ఇది."

రత్తయ్య కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. పెళ్ళికూతురి అన్న స్టూడియోకి వచ్చి, చెల్లెలి మచ్చలు కనపడకుండా చేయమని బతిమాలడం గుర్తొచ్చింది. తను రెండు రోజులు తిండి కూడా మరిచి ఒక్కో గుంటా నింపడం, ఒక్కటీ మిగల్చకపోవడం గుర్తొచ్చాయి. జక్కయ్యగారు గుమ్మంలోనే నిలబడి ఫోటో కేసి చూసి అన్న మాట గుర్తొచ్చింది. 'బాగుందిరా. ఎవర్రా ఈమె?'

నలభై తొమ్మిదేళ్ళుగా మెచ్చుకోలనుకుని ఊరంతా చెప్పుకు తిరిగిన మాట అది.

"తప్పు నాదండీ శౌరయ్యగారూ" అన్నాడు. "మిషను ఏం చేసుద్ది, నేను దానికిచ్చిన మొహమే అది. మచ్చల్ని నేనే పూడ్చా. నెగెటివ్ ఉంటే, పూడ్చింది తియ్యొచ్చేమో చూద్దాం."

ఫ్రేము వెనక అట్ట మీద నెగెటివ్ నంబరు ఉంది. పదకొండు వందల నలభై మూడు. సింధూరి కొట్టు తలుపు మీద 'కరెంటు లేదు' అని అట్ట తగిలించింది. లోపల ఫ్యాను తిరుగుతూనే ఉంది. ముగ్గురూ రత్తయ్య ఇంటికెళ్ళే సింగ్‌నగర్ బస్సెక్కారు. ఆ రోజు రత్తయ్య ఎవరి మొహాన్నీ బాగుచేయలేదు.

స్టూడియో మూసేసిన రోజున ఆయన తెచ్చుకున్న జీతం బాకీ కాదు, బట్టలు కాదు, నెగెటివ్‌ల రేకు డబ్బాలు ఏడు. మొన్నటి వరదకు వీధిలో నడుము లోతు నీళ్ళు వచ్చినప్పుడు, బియ్యం బస్తా కంటే ముందు వాటినే అటకెక్కించాడు. బియ్యం తడిసిపోయాయి. ఇప్పటికీ కోడలు అన్నం వడ్డించేటప్పుడు, "మామయ్యగారికి నెగెటివ్‌ల పులుసు వెయ్యమంటారా" అని అడుగుతుంది.

నాలుగో డబ్బాలో దొరికింది. పాత కాగితం సంచిలో పోస్టుకార్డంత నెగెటివ్. రత్తయ్య కిటికీకి అడ్డంగా పట్టి ఏటవాలుగా చూశాడు. మొహం మీద పెన్సిలు గీతలు ఇంకా మిలమిలలాడుతున్నాయి. చీమ కాళ్ళంత గీతలు, వందలు. అంత సన్నని చెయ్యి తనకొకప్పుడు ఉండేదా అని ఆయనకే ఆశ్చర్యం వేసింది.

"టర్పెంటైనుతో తుడిస్తే మందు కరిగి పెన్సిలు వచ్చేసుద్ది" అన్నాడు. "కానీ పాతదండీ. మందుతో పాటు కింద పొర కూడా లేచొచ్చిందంటే, మార్తమ్మ మొహం మొత్తానికే ఉండదు. ఆలోచించుకోండి."

శౌరయ్య నీళ్ళ గ్లాసు కింద పెట్టాడు. "లాకు గేటు ఎత్తేటప్పుడు కూడా ఇట్టాగే ఉండేదండీ. ఎత్తాక నీళ్ళు ఎట్టా పోతాయో అట్టా పోతాయి. ఎత్తకపోతే మాత్రం చేను ఎండుద్ది. తుడవండి."

"ఉండు తాతా" అని సింధూరి ముందుగా నెగెటివ్‌ను ఫోన్లో ఫోటో తీసి పెట్టుకుంది. "చెడగొట్టావనుకో, చెడగొట్టకముందు ఎలా ఉందో చూపించి తిడతా."

రత్తయ్య దూదిని పుల్లకు చుట్టి, టర్పెంటైనులో ముంచి, పిండాడు. ఆయన చేతులు టీ గ్లాసు పట్టుకుంటే వణుకుతాయి. సాసర్లో సగం టీ ఉంటుంది. ఇప్పుడు మాత్రం వణకలేదు. దీనిపై సింధూరి తర్వాత చాలాసార్లు విచారణ జరిపింది. టీ దగ్గర వణుకు నాటకమని ఆమె అభిప్రాయం.

ముందు ఒక మూల చూశాడు. పొర నిలిచింది. అప్పుడు మొహం మీదికి వెళ్ళాడు. నుదురు, గడ్డం, ఒక చెంప, రెండో చెంప. పక్కనున్న పెళ్ళికొడుకు మొహం మీద కూడా ఒకసారి దూది తిప్పాడు. దూది బూడిద రంగుకు తిరిగింది. నాలుగు పుల్లలు మార్చాడు. ఇరవై నాలుగేళ్ళ వయసులో రెండు రోజులు పట్టిన పని పావుగంటలో పోయింది.

సింధూరి, వాళ్ళమ్మ ఫోన్ తీసుకుని తెల్లటి తెర వెలిగించి, దాని ముందు నెగెటివ్ పట్టుకుని, తన ఫోన్‌తో ఫోటో తీసింది. నలుపును తెలుపు, తెలుపును నలుపు చేసే మీట నొక్కి శౌరయ్య చేతికిచ్చింది.

ఇరవై ఏళ్ళ పిల్ల. మొహం నిండా సన్నని గుంటలు. ఎడమ కంటికింద మూడు, పొయ్యిరాళ్ళ మాదిరి. కనుబొమల మధ్య చిన్న ముడత, అది కూడా ఇన్నాళ్ళూ పెన్సిలు కిందే ఉంది.

శౌరయ్య చాలాసేపు చూశాడు. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. వీధిలో కూరగాయల బండివాడు కేకలు వేసుకుంటూ వచ్చి, ఆగి, వెళ్ళిపోయాడు. అంతసేపూ ఆయన కళ్ళు తెరవలేదు.

"కొత్త చెప్పులు కరుస్తన్నాయని ఆ ముడత" అన్నాడు చివరికి, కళ్ళు మూసుకునే. "స్టూడియో మెట్లు దిగేటప్పుడు చేత్తో పట్టుకుని దిగింది. 'ఇదుగో, ఇయ్యి నువ్వేసుకో' అంది." కళ్ళు తెరిచి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఎడం చెంపేనండీ. వచ్చింది."

"మీ ముక్కు కూడా అసలుది వచ్చేసింది తాతగారూ, చూసుకోలేదు" అంది సింధూరి. నిజమే, పెళ్ళికొడుకు ముక్కు కాస్త పక్కకు తిరిగి ఉంది. రత్తయ్య ఆ వారం ఊపు మీద దాన్ని కూడా చక్కదిద్దాడన్నమాట. శౌరయ్య ముక్కు తడుముకుని, ఆ రోజులో మొదటిసారి నవ్వాడు.

"ఇది మీ యేసుకుమార్‌కి పంపనా? దీంతో మళ్ళీ కదిలే బొమ్మ చేస్తాడేమో, ఈసారి బాగా వస్తదేమో" అంది సింధూరి.

"వద్దమ్మా. కూడికలో ఇది పెట్టుకుంటాం. వాడికి నేను చెప్తా, వింటాడు. మార్తని మాట్లాడించడం నాకు వచ్చు."

గవర్నర్‌పేట కొట్లో పెద్ద సైజు అచ్చు వేసిచ్చారు. అంతకుముందు నున్నగా చేసే మీట నొక్కబోతే రత్తయ్య మనవరాలి వేలు పట్టుకుని పక్కకు తీశాడు. శౌరయ్య కొత్త ఫోటోను తువ్వాలులో చుట్టుకుని, పాత ఫ్రేమును బల్ల మీదే వదిలి లేచాడు.

"ఇదండీ?" అన్నాడు రత్తయ్య.

"అది మీ చేతి పని. మీ దగ్గరే ఉంచండి. వెళ్ళొస్తానండీ."

ఆ ఫ్రేము ఇప్పుడు జిరాక్సు మిషను పైన గోడకు ఉంది. రత్తయ్య రోజూ పొద్దున దుమ్ము తుడుస్తాడు. జక్కయ్యగారి మాట చెప్పడం మాత్రం మానేశాడు. సింధూరికి చెవులు ఖాళీగా ఉన్నట్టుంది.

మొన్నొకాయన పాస్‌పోర్టు ఫోటో కోసం వచ్చి, నిలబడి దాన్నే చూస్తూ, "భలే ఉందండీ. ఎవరండీ ఈవిడ?" అని అడిగాడు.

"శౌరయ్యగారి మొదటి పెళ్ళాం" అన్నాడు రత్తయ్య. "గడ్డం కాస్త ఎత్తండి. ఆ, చాలు."