తట్టమ్మ ఎందుకు తిన్నదంటే

ఆ రోజుల్లో నూజివీడులో కన్సల్టెన్సీ అంటే దుబాయ్ పంపించే ఆఫీసనే అనుకునేవారు. పురుగుమందుల కొట్టు మీది గదిలో మేం బోర్డు పెట్టాక (గది కన్నా బోర్డే పెద్దది) మెట్లెక్కి వచ్చినవాళ్లలో సగం మంది పాస్‌పోర్టు చేత్తో పట్టుకుని వచ్చేవారు. "మేం మామిడి తోటలకి సలహాలిస్తామండీ" అంటే, "సలహాకి డబ్బులా? మా ఊళ్లో ఊరికే ఇస్తారు కదండీ!" అని నవ్వుకుంటూ దిగిపోయేవారు. ఇప్పుడు హనుమాన్ జంక్షన్‌లో మాకు పెద్ద ఆఫీసుంది, ఏసీ ఉంది, కొత్తగా చేరినవాళ్లకి మొదటిరోజే చెప్పే ఒక కథ కూడా ఉంది. ఆ కథలో నేను ప్రాణం పోయినా నియమం తప్పని కుర్రాణ్ణి. మా అక్కయ్యేమో క్లయింటు తోటలో తట్టెడు పళ్లు తినేసిన తట్టమ్మ. అందరూ ఇన్నేళ్లుగా నవ్వుకుంటున్న ఆ కథని మొదట ఊళ్లోకి వదిలింది నేనే. అందులో సగమే నిజం. మిగతా సగం ఇప్పుడు చెబుతాను.

అక్కయ్య అంటే నా తోడబుట్టింది కాదు, ఆఫీసులో నాకన్నా పెద్దది. స్కూల్లో సైన్సు చెప్పే ఉద్యోగం మానుకుని, మా సారు మాట నమ్మి ఈ గదిలోకి వచ్చింది. సారు హైదరాబాద్‌లో పెద్ద కంపెనీ వదిలేసి వస్తూ అక్కడి నియమాలన్నీ మూటగట్టుకుని తెచ్చారు. టై కట్టుకోవాలి (మే నెలలో, మామిడి తోటల్లో!). క్లయింటు దగ్గర మంచినీళ్లు తప్ప ఏదీ ముట్టకూడదు. "తింటే మొహమాటం వస్తుంది, మొహమాటం వస్తే రిపోర్టు పాడవుతుంది" అనేవారు. నియమాలకి లోటు లేదు, క్లయింట్లకే. ఆ వేసవిలో మాకున్న ఆశల్లా ఆగిరిపల్లి దగ్గర తోటలున్న ఒక పెద్దాయన. చుట్టుపక్కల అందరూ ఆయన్ని పెదనాన్న అనే పిలుస్తారు. ఆయన తోటలు మా చేతికిస్తే రెడ్డిగూడెం రైతులూ వెనకే వస్తారు. ఇవ్వకపోతే బోర్డు దించేసి హైదరాబాద్ వెళ్లిపోతానని సారు ముందే చెప్పేశారు. అక్కయ్యకి తిరిగి వెళ్లడానికి ఆ స్కూలు ఉద్యోగం కూడా లేదు.

మేమిద్దరం వెళ్లేసరికి కాయ కోత జోరుగా సాగుతోంది. షెడ్డు కింద గడ్డిలో మాగిన చిన్న రసాల వాసన గట్టుదాకా వచ్చి ఎదురైంది. అక్కయ్య నన్ను షెడ్డు దగ్గర వదిలి, చెట్లు చూసి వస్తానని లోపలికి నడిచింది. అక్కడ పెదనాన్నతో పాటు నూజివీడు నుంచి పంట బేరానికి వచ్చిన షావుకారు ఒకాయన కూర్చుని ఉన్నాడు. పెదనాన్న గడ్డిలో చెయ్యి పెట్టి, వెతికి వెతికి ఒక పండు తీసి, వేళ్లతో మెత్తగా పిసికి, ముచ్చిక తీసి నా చేతికిచ్చారు. మా ప్రాంతంలో తోటలోకి వచ్చిన మనిషికి రైతు తన చేత్తో రసం పిసికి ఇచ్చాడంటే ఇక ఆ మనిషి ఇంటివాడే. ఆ సంగతి నాకు తెలుసు. అయినా "వద్దండీ, మా రూల్స్ ఒప్పుకోవు" అన్నాను.

షావుకారు నోటి దాకా వెళ్లిన తన పండు అక్కడే ఆగింది. "ఏంటి బాబూ, కాయలో ఏమన్నా ఉందా?"

లేదండీ అంటే సరిపోయేది. కానీ మెడలో టై ఉంది కదా! గొంతు సవరించుకుని, "అవన్నీ రిపోర్టులో రాస్తామండీ" అన్నాను.

షావుకారు పండు కింద పెట్టేశాడు. "మందుల సంగతి తెలిసిన కుర్రాళ్లే ముట్టడం లేదు. బేరం తర్వాత చూద్దాంలెండి" అని లేచాడు. పెదనాన్న ముఖం కందగడ్డలా అయింది. "ఏమయ్యా, నా తోటని చూడ్డానికి వచ్చావా, చంపడానికి వచ్చావా?" అన్నారు.

ఆ అరుపుకి అక్కయ్య పరుగున వచ్చింది. నా చేతిలో పండు, షావుకారు చేతిలో బండి తాళం చూసింది. నా చేతిలో పండు లాక్కుని, తాటాకు చాప మీద చతికిలబడి, ఒక్క పీల్పులో టెంక తేల్చింది. "పెదనాన్నా, ఇంకోటి ఇవ్వండి." అదీ అయింది. "ఇంకోటి." రసం మోచేతుల మీదుగా కారి ఇస్త్రీ చీర మీద పడుతున్నా చూసుకోలేదు. పెదనాన్న ఏరి ముందు పెట్టిన తట్టని ఆమె అలా ఖాళీ చేస్తుంటే షావుకారు నవ్వాపుకోలేక మళ్లీ కూర్చున్నాడు. "ఈ అమ్మాయి తినడం చూస్తుంటే లారీ ఇవాళే పెట్టించాలని ఉందండీ" అంటూ తనూ ఒకటి అందుకున్నాడు. పెదనాన్న నావైపు చూసి, "అమ్మా, ఆ అబ్బాయి మెడలో తాడు కాస్త వదులు చెయ్యి, గొంతు దిగేట్టు లేదు" అన్నారు. ఆ సాయంత్రమే షావుకారు బేరమూ కుదిరింది, పెదనాన్న తోటలూ మా చేతికొచ్చాయి.

మర్నాడు టీ కొట్టు దగ్గర నేను ఈ కథ చెప్పాను. చాపా, చీరా, కారిన రసం అన్నీ చెప్పాను. నా రిపోర్టు మాట ఒక్కటే మింగేశాను. తట్టమ్మ అన్న పేరు ఆ కొట్టులోనే పుట్టింది. ఆ తర్వాత ఆమె ఏ తోటకెళ్లినా "తట్టమ్మగారొచ్చారు, గంపలు దాచండి!" అని నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. సారేమో నియమం నిలబెట్టానని నన్ను మెచ్చుకుని, అదే నెలలో నియమం మార్చేశారు: మా ఆఫీసువాళ్లు రైతు ఇచ్చిన పండు తిన్నాకే మాట మొదలుపెట్టాలి. మేం పెరిగింది దానివల్లే.

పోయిన వారం కొత్తగా చేరిన ఒకమ్మాయి అక్కయ్య ఎదురుగానే, "తట్టమ్మ అంటే మీరేనా మేడమ్?" అంది. అందరూ నవ్వారు. అక్కయ్య కూడా నవ్వింది, కానీ ఈసారి కాస్త ఆలస్యంగా. నేను ఉండబట్టలేక లేచి అందరి ముందూ చెప్పేశాను. ఆ పూట బేరం చెడగొట్టబోయింది నేను, కాపాడింది ఆమె. నేను పండు ముట్టకపోవడానికి కారణం నియమం కూడా కాదు. ఆ రోజు నేను వేసుకున్న తెల్లచొక్కా మా బావది. "మరక పడిందంటే నువ్వు నా బావమరిదివి కాదు" అని చెప్పి మరీ ఇచ్చాడు.

అక్కయ్య టేబుల్ కింది గంపలోంచి ఒక రసం తీసి, పిసుకుతూ, "చొక్కా సంగతి నాకు ఆరోజే తెలుసురా. భుజాల కుట్లు మోచేతుల దాకా వేలాడుతుంటే తెలీదా?" అంది. పండు నా ముందుకు చాపి, "ఇవాళ చొక్కా ఎవరిది?" అని అడిగింది.

"నాదేనక్కయ్యా."

"అయితే తిను."

తిన్నాను. జేబు మీద పచ్చటి మరక పడింది. మా ఆవిడ రెండుసార్లు ఉతికినా పోలేదు. మూడోసారి నేనే వద్దన్నాను. ఆ మేడ గదిలో టై బిగించుకుని కూర్చున్న ఆ కుర్రాడు ఎక్కడైనా కనిపిస్తే, ముందు వాడికి ఈ చొక్కా తొడిగి ఆగిరిపల్లి పంపిద్దును.