ఎండలో చదివే అన్న

గుంతకల్లులో నాకు వెబ్ డిజైన్ నేర్పిన అన్న, ఏ సైటు పూర్తయినా పాత ఫోనులో తెరిచి నడివీధి ఎండలో నిలబడి చూసేవాడు. అక్షరం కనబడకపోతే మళ్లీ మొదలుపెట్టేవాడు.

శెనక్కాయ విత్తనాలమ్మే అంగడాయన ఒకరోజు, ఏఐతో నిమిషాల్లో చేయించుకున్న సైటు చూపించి, "ఇంగ నీతో పనేముండాదన్నా?" అని నవ్వాడు.

తెల్లటి తెర మీద లేత బూడిదరంగు అక్షరాలు, పైన మంచుకొండ బొమ్మ. అనంతపురం జిల్లాలో మంచుకొండ! నాకే ఒళ్లు మండింది.

అన్న ఆయన్ని రెక్క పట్టుకుని ఎండలోకి లాక్కొచ్చాడు. "నీ ఫోను నెంబరు యాడుండాదో చదువప్పా!"

అంగడాయన కళ్లు చికిలించాడు. "ఈడ కనపడలేదన్నా, నీడకు పోదాం రా."

"మనం పోతాం. చేన్లో నిలబడి నీకు ఫోను చేసే రైతుకు నీడ యాడుండాదప్పా?"